డి డ్రైవు అడిగిన ప్రశ్న

రేవులంక మునిసిపాలిటీకి కొత్త కమిషనర్ గారు వచ్చి నెల తిరక్కుండానే ఊళ్ళో నాలుగు చోట్ల నల్లరాతి శిలాఫలకాలు లేచాయి. వాటి మీద బంగారు రంగు అక్షరాలతో 'అడగండి, జవాబు మా బాధ్యత' అని రాసుంటుంది. కింద కమిషనర్ గారి పేరు, ఆ కింద పాలకవర్గం పేర్లు, ఇంకా జాగా మిగిలితే ఊరి పేరు. నాలుగింటిలోకీ పెద్దది కంసాలి వీధి మొగలో నిలబెట్టారు. ఆ వీధికి అప్పుడే కొత్తగా సిమెంటు రోడ్డు వేశారు కాబట్టి ఫొటోల్లో బాగా పడుతుందన్నారు.

ఈ 'అడగండి' కార్యక్రమం సర్క్యులర్ చెప్పేదేమిటంటే, మునిసిపల్ ఆఫీసులో ఎవరు ఏ ప్రశ్న అడిగినా దానికొక నంబరు వేసి రసీదివ్వాలి. తగిన అధికారి జవాబు చెప్పాలి. అడిగినవాళ్ళు తమంతట తాము విరమించుకుంటే తప్ప ఏ ప్రశ్ననూ జవాబు లేకుండా మూసెయ్యకూడదు. మూసేస్తే ఉద్యోగం మీదికొస్తుంది. ఇదేదో మాటవరసకి అనుకున్నారు గానీ మొదటి వారంలోనే ఒక బిల్లు కలెక్టరు సస్పెండయ్యాడు. పన్ను కట్టడానికొచ్చిన ముసలాయన "టైమెంతయింది బాబూ?" అనడిగితే "ఏమో" అన్నాడట. అప్పట్నించీ సిబ్బంది జాగ్రత్తపడ్డారు. మరుగుదొడ్డి ఎక్కడ అనడిగినవాడికి కూడా ముందు రసీదు చేతిలో పెట్టి, ఆనక చెయ్యి చూపించేవారు. ఆ లోపల కొందరు తమంతట తామే విరమించుకునేవారు.

నీటి విభాగంలో సీనియర్ అసిస్టెంటు గవర్రాజు యాభై దాటిన మనిషి. చెప్పిన పని చేస్తాడు, చెప్పని పని కూడా చేస్తాడు. ఆయన ఇల్లు ఆ కంసాలి వీధిలోనే. ఆ వీధికి రోడ్డు వేసిననాడు, తడి సిమెంటు మీదికి నీళ్ళు రాకూడదని ఫిట్టరు వీధి మొగలో ఉన్న వాల్వు కట్టేశాడు. పని బాగా జరిగింది. ఎంత బాగా జరిగిందంటే కాంట్రాక్టరు మనుషులు ఆ వాల్వు మీద కూడా సమానంగా సిమెంటు పోసి, చక్కగా చదును చేసి, గోనెసంచులు కప్పి తడిపారు. రోడ్డు ఆరింది. వాల్వు అడుగునే ఉండిపోయింది, కట్టేసినది కట్టేసినట్టే. ఫిట్టరేమో డెప్యుటేషన్ మీద ఇంకో ఊరు వెళ్ళిపోయాడు. ఫోన్ చేస్తే, "మొగలోనేనండి. ఎడంపక్కనుకుంటానండి. కుడిపక్కైనా అవ్వచ్చండి" అన్నాడు. ఇంజనీరింగు విభాగం వాళ్ళు, కచ్చితమైన చోటు చూపిస్తే తప్ప కొత్త రోడ్డు మీద గునపం పడనివ్వమన్నారు.

గవర్రాజు కంగారుపడలేదు. కిందటి వేసవిలో ఆయన ఎవరూ చెప్పకుండానే ఊరంతా తిరిగి వాల్వులన్నిటికీ ఫొటోలు తీశాడు. గుర్తుకోసం వెనకాల ఎవరిదో ఒక అరుగో, స్తంభమో పడేటట్టు తీశాడు. ఫోన్లో ఖాళీ లేదంటే వాటిని ఆఫీసు ల్యాప్‌టాప్‌లో డి డ్రైవులోకి ఎక్కించి, ఫోన్లోంచి చెరిపేశాడు. ఖాళీ ఎందుకు లేదంటే ఆయన టెన్త్ బ్యాచ్ గ్రూపులో రోజూ పొద్దున్నే నలభైమంది నలభై గులాబీ పువ్వులు పంపుతారు, ఆయన మర్యాదకొద్దీ ఒక్కటీ చెరపడు. ఆ లెక్కన కంసాలి వీధి నీళ్ళిప్పుడు డి డ్రైవులో ఉన్నాయన్నమాట.

ఆ డి డ్రైవులోకే శిలాఫలకాల ప్రారంభోత్సవం ఫొటోలు కూడా ఎక్కించమన్నారు. కమిషనర్ గారు రిబ్బను కత్తిరించేముందు, కత్తిరిస్తూ, కత్తిరించాక, అన్నీ కలిపి ఏడెనిమిది వందలున్నాయి. అవి సగం ఎక్కాయో లేదో కరెంటు పోయింది. ఆ ల్యాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, అది వైరు మీద బతుకుతోంది. చటుక్కున ఆరిపోయింది. కరెంటొచ్చాక సి డ్రైవు మామూలుగానే తెరుచుకుంది. డి మీద నొక్కితే మాత్రం తెరమీద ఒక చిన్న పెట్టె వచ్చి నిలబడింది.

'డి డ్రైవును వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి. ఫార్మాట్ చేయమంటారా?'

కింద రెండు మీటలు. ఒకటి ఫార్మాట్, ఇంకొకటి క్యాన్సిల్. ఫార్మాటంటే తుడిచిపెట్టడమని గవర్రాజుకి తెలుసు. బాణం గుర్తుని మెల్లిగా క్యాన్సిల్ మీదికి జరిపాడు.

"ఆగండి గవర్రాజు గారూ!"

వెనకాల మేనేజరు లింగమూర్తి గారు. 'అడగండి' కార్యక్రమానికి నోడల్ ఆఫీసరు ఆయనే. మెడలో కార్డుకి తోడు చంకలో ఎప్పుడూ రసీదు పుస్తకం ఉంటుంది.

"ఏం చేస్తున్నారు మీరు?"

"క్యాన్సిల్ కొడుతున్నానండి. ఊరికే అడుగుతోందండి ఇది."

"అడుగుతోందా?" లింగమూర్తి గారు కళ్ళజోడు సవరించుకుని తెరమీదికి వంగారు. చివర ఉన్న ప్రశ్నార్థకం గుర్తుని వేలితో తాకి చూశారు. "అడుగుతోంది. స్పష్టంగా అడుగుతోంది. అడిగినదానిని మీరు రద్దు చేయబోయారు."

"మిషనండి అది!"

"సర్క్యులరులో 'ఎవరు అడిగినా' అని ఉన్నది. మనిషి అడిగినా అని లేదు. ఉంటే చూపించండి."

గవర్రాజు సర్క్యులర్ తీసి చూశాడు. లేదు.

"పోనీ మీరే జవాబు చెప్పండి సార్, వద్దని."

లింగమూర్తి గారు ఒకడుగు వెనక్కి వేశారు. "నేనా? డ్రైవులకు సంబంధించి నాకు అధికారాలు దఖలు పడలేదు. ఈ ప్రశ్నను తగిన అధికారికి నివేదించడమే మన ధర్మం. అంతవరకూ దీన్ని యథాతథ స్థితిలో కాపాడవలసి ఉంటుంది. చెయ్యి తీయండి."

గవర్రాజు చెయ్యి తీశాడు. లింగమూర్తి గారు రసీదు పుస్తకం తెరిచారు. అప్పటికి నాలుగువందల పదకొండు ప్రశ్నలయ్యాయి, ఇది నాలుగువందల పన్నెండు. అడిగినవారి పేరు దగ్గర 'డి' అని రాశారు. ఇంటిపేరు దగ్గర ఆలోచించి 'డ్రైవు' అని రాశారు. వయస్సు నాలుగేళ్ళు. చిరునామా, నీటి విభాగం, కిటికీ పక్క బల్ల. స్త్రీయా పురుషుడా అన్నచోట గవర్రాజు వైపు చూశారు.

"నన్ను చూస్తారేంటండీ?" అన్నాడు గవర్రాజు.

రసీదు చింపి, ఎవరికివ్వాలో తెలియక, ల్యాప్‌టాప్ మూత సందులో దోపారు.

ఆ సాయంత్రం గవర్రాజు ఇంటికెళ్తుంటే వీధి మొగలో మంగాయమ్మ అడ్డం పడింది. మంగాయమ్మ ఆయన భార్యకి స్వయానా అక్క. మొగుడు పోయాక పెసరట్ల కొట్టు పెట్టుకుని నిలదొక్కుకుంది. ఆ కొట్టు శిలాఫలకానికి ఎదురుగానే ఉంటుంది. పెసలు నానాలన్నా, గిన్నెలు కడగాలన్నా, తిన్నవాడికి గ్లాసుడు మంచినీళ్ళు పెట్టాలన్నా నీళ్ళు కావాలి. రోడ్డు పడ్డప్పట్నించీ పక్క వీధి కొళాయి దగ్గర వంతు కోసం చీకటితో లేచి బిందెలు మోస్తోంది.

"ఏం మరిదిగారూ, ఇయ్యాలన్నా దొరికిందా ఆ వాల్వు?"

"దొరికినట్టే వదినా. ఫొటో ఉంది. డి డ్రైవులో ఉంది. అది తెరుచుకోవడం లేదంతే."

"తాళం పోయిందా?"

"తాళం కాదొదినా. అదొక ప్రశ్న అడిగింది. దానికి పైనుంచి జవాబు రావాలి."

మంగాయమ్మ అట్లకాడ నడుముకి ఆనించి ఆయన్ని కిందికీ పైకీ చూసింది. "మీ ఇంట్లోనూ నీళ్ళు లేవు కదా? మా చెల్లి కూడా నా ఎనకాలే నడుం విరిగేలా మోస్తంది కదా? మీకేం చీమ కుట్టట్లేదా?"

"కుడుతోంది వదినా."

"రేపో మాపో కొట్టు మూసేస్తాను. మూసేసి బిందెలట్టుకుని మీ ఆఫీసు గుమ్మంలో కూచుంటాను. ఈ రాయి మీద రాశారు కదా అడగమని, వచ్చి అడుగుతాను."

"అడగొద్దొదినా" అన్నాడు గవర్రాజు బెంగగా. ఎందుకన్నాడో ఆవిడకి అర్థంకాలేదు.

ఆఫీసులో ప్రశ్న సంరక్షణ మొదలైంది. తెర కాసేపయితే దానంతటది నల్లబడుతుంది, అలా నల్లబడితే ప్రశ్నను కప్పిపుచ్చినట్టవుతుందని, వంతులవారీగా ఒక మనిషి పక్కన కూర్చుని మౌసుని, అదే ఆ ఎలుకని, కదుపుతుండాలని ఉత్తర్వు వచ్చింది. కదిపేటప్పుడు రెండు మీటలకీ జానెడు దూరంలో కదపాలి. పారిశుధ్యం వాళ్ళనీ, జనన మరణాల విభాగం వాళ్ళనీ కూడా ఈ డ్యూటీకి వేశారు. ఒక రోజంతా రేవులంకలో ఎవరూ పుట్టలేదు, ఎవరూ పోలేదు, రాసే మనిషి ఎలుక దగ్గరున్నాడు.

తర్వాత కరెంటు సంగతి వచ్చింది. కరెంటు పోతే ల్యాప్‌టాప్ ఆరిపోతుంది, ల్యాప్‌టాప్ ఆరితే ప్రశ్న పోతుంది. ఊళ్ళో కరెంటుని నమ్మలేం. అందుకని ఓవర్‌హెడ్ ట్యాంకు దగ్గర మోటారు నడిపే జనరేటర్ని, చక్రాల బండితో సహా తోలుకొచ్చి ఆఫీసు వరండాలో పెట్టారు. పంపు ఆపరేటరు చిట్టియ్య కూడా దాని వెంట వచ్చాడు, ఎందుకంటే జనరేటరు ఎక్కడుంటే అతని డ్యూటీ అక్కడ.

"మరి కరెంటు పోయినప్పుడు ట్యాంకులోకి నీళ్ళెలా ఎక్కుతాయండీ?" అనడిగాడు చిట్టియ్య.

లింగమూర్తి గారు రసీదు పుస్తకం తీశారు. చిట్టియ్య తెలివైనవాడు. "అబ్బే, ఏం లేదండి" అని విరమించుకున్నాడు.

దాంతో కంసాలి వీధికి లేని నీళ్ళు క్రమంగా మిగతా వీధులకీ లేకుండా అయ్యాయి. ఈ సమానత్వాన్ని లింగమూర్తి గారు వారాంతపు నివేదికలో ప్రస్తావించారు.

గవర్రాజుకి మనసు మనసులో లేదు. టెన్త్ బ్యాచ్ గ్రూపులో సంగతంతా రాసి, తెలిసినవాళ్ళు సలహా ఇమ్మన్నాడు. ఒకడు ల్యాప్‌టాప్‌ని బియ్యం డబ్బాలో పెట్టమన్నాడు. ఒకడు వెనకవైపు అరచేత్తో రెండు చరవమన్నాడు, వాళ్ళ టీవీ అలాగే బాగుపడిందట. హెడ్మాస్టరు గారమ్మాయి ఎర్రదారం కట్టమంది. పదిమంది గులాబీ పువ్వులు పంపారు. పాత బెంచీమేటు ఒకడు మాత్రం ఒక వీడియో పంపాడు. అందులో గడ్డం మనిషొకాయన వంటింట్లో కూర్చుని, వెనకాల కుక్కరు కూస్తుండగా వివరంగా చెప్పాడు.

"ఫ్రెండ్స్, ఇలా ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే చచ్చినా అవునని నొక్కొద్దు. లోపల మీ ఫైళ్ళు ఎక్కడివక్కడే ఉంటాయి. మొదటి పేజీ ఒక్కటే చెడిపోయింది. అందుకని దానికి లోపలేముందో తెలియక కంగారుపడి అడుగుతోంది. ఆ పేజీకి నకలు ఒకటి డ్రైవు చివర్న ఉంటుంది. ముందు లోపలి ఫైళ్ళన్నీ వేరే డిస్కులోకి దించేసుకోండి, ఆ తర్వాత ఆ నకలు తెచ్చి మొదట్లో అంటించాలి. మీరు డి మీద నొక్కితేనే అది అడుగుతుంది. నొక్కకండి, పక్కనుంచి పని చేసుకోండి."

గవర్రాజు ఆ వీడియో మూడుసార్లు చూసి, ఆ దించే సాఫ్ట్‌వేరు పేరు అరచేతిలో రాసుకుని, పొద్దున్నే లింగమూర్తి గారికి చూపించాడు.

"ఒక్క క్యాన్సిల్ సార్. పూటలో పనైపోతుంది. నీళ్ళొచ్చేస్తాయి."

"మీ సదుద్దేశాన్ని నేను శంకించడం లేదు" అన్నారు లింగమూర్తి గారు. "కానీ ప్రశ్న అడిగినవారు జవాబు కోసం కూర్చుని ఉండగా, వారికి తెలియకుండా పక్కనుంచి పని చేసుకోవడం పారదర్శకత అనిపించుకోదు. పైగా ప్రజాభిప్రాయ సేకరణకు నోటీసు కూడా ఇచ్చేశాం."

ఇచ్చేశారు. డి డ్రైవును ఫార్మాట్ చేయు విషయమై అభ్యంతరములు, సూచనలు ఏవైనా ఉన్నచో లిఖితపూర్వకముగా తెలియజేయవచ్చునని గోడలకి అంటించారు. ఊళ్ళోవాళ్ళు చదివి వెళ్ళిపోయారు. ఒక్క అభ్యంతరం వచ్చింది. రిటైరైన లెక్కల మాస్టారొకాయన రాశారు. 'ఆఫీసులో సి, డి అను రెండు డ్రైవులు మాత్రమే కలవని తెలియుచున్నది. అక్షరక్రమము ప్రకారము వీటికి ముందు ఎ, బి అను రెండు డ్రైవులు ఉండి తీరవలెను. అవి ఏమైనవి? ఎవరి పాలైనవి?'

ఆఫీసు అట్టుడికిపోయింది. లింగమూర్తి గారు రెండుసార్లు ల్యాప్‌టాప్ వెనకాల చూసి, ఒకసారి బల్ల కింద కూడా చూసి, నిజమేనని ధ్రువపరిచారు. సాయంత్రానికి గవర్రాజుకి మెమో వచ్చింది. తన స్వాధీనంలోని ఎ, బి డ్రైవులు గల్లంతైనందుకు ఆయనపై ఎందుకు చర్య తీసుకోరాదో సంజాయిషీ చెప్పాలి.

గవర్రాజు చదివి మొహం తుడుచుకున్నాడు. తను బాధ్యతలు తీసుకునేనాటికే ఉన్నవి సి, డిలేనని, ఎ, బిలను తానెప్పుడూ కళ్ళారా చూడలేదని, వాటిని ఇంటికి తీసుకుపోయే అలవాటు తనకు గానీ తన కుటుంబానికి గానీ లేదని, ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. 'కళ్ళారా చూడలేదు' అంటే ఇన్నేళ్ళూ తనిఖీ చేయలేదని ఒప్పుకున్నట్టేనని లింగమూర్తి గారు దానికింద ఎర్రసిరాతో గీత గీశారు.

ఆ మర్నాడు మంగాయమ్మ అన్నంత పనీ చేసింది. కొట్టుకి అడ్డంగా బల్ల పెట్టేసి, వీధి ఆడవాళ్ళు పదిమందిని వెంటేసుకుని, ఖాళీ బిందెలతో ఆఫీసుకొచ్చింది.

"మా ఈధికి నీళ్ళెప్పుడొస్తాయండీ?" అనడిగింది నిలబడే.

లింగమూర్తి గారు ఎంతో సంతోషించారు. "చక్కగా అడిగారు. కూర్చోండమ్మా" అని రసీదు రాసిచ్చారు. "మీది నాలుగువందల పదమూడు. ముందున్న ప్రశ్న తేలగానే మీదే."

"ముందున్నదెవరు?"

"అదిగో, ఆ కిటికీ పక్కన."

మంగాయమ్మ చూసింది. కిటికీ పక్కన బల్లమీద ల్యాప్‌టాప్ ఉంది, రెండు ఫ్యాన్లు దానివైపే తిరిగున్నాయి. పక్కన పారిశుధ్య మేస్త్రి ఒకడు నిద్రకళ్ళతో ఎలుకని కదుపుతున్నాడు. మూత సందులో రసీదు రెపరెపలాడుతోంది.

"మనుషులెవరూ లేరు కదండీ అక్కడ?"

"మనిషి అవునా కాదా అన్న వివక్ష ఈ కార్యాలయంలో లేదమ్మా. వరసలో వారు మీకంటే ముందున్నారు."

మంగాయమ్మ బిందె కిందపెట్టి గవర్రాజు బల్ల దగ్గరికొచ్చింది. గొంతు తగ్గించింది. "మరిదిగారూ, నేను పెసలు రుబ్బుకునేదాన్ని, నాకు తెలీక అడుగుతాను. దానికెందుకండీ అంత గాలి?"

"వేడెక్కి ఆరిపోతుందని వదినా. ఆరిపోతే ప్రశ్న పోతుంది. సర్క్యులర్ ప్రకారం అడిగినవాళ్ళు తమంతట తాము విరమించుకుంటే తప్ప దాన్ని ఎవరూ ఆపకూడదు."

"మరి కరెంటు పోతే?"

"పోదొదినా. మన ట్యాంకు దగ్గర జనరేటరు వరండాలో పెట్టారు. దానిమీదే నడుస్తోంది."

మంగాయమ్మ కిటికీలోంచి వరండాలోకి చూసింది. డబడబమని మోగుతున్న జనరేటర్ని, దాని పక్కన గొడుగేసుకుని కూర్చున్న చిట్టియ్యని, దాని కిందున్న చక్రాల్ని చూసింది. ఇంకేమీ అడగలేదు. ఆడవాళ్ళందర్నీ లేపుకుని వెళ్ళిపోయింది. బిందెలు మాత్రం మూలన వదిలేసింది, మళ్ళీ రావాలని ఉన్నదానిలాగా.

ఎట్టకేలకు రాజధాని నుంచి జవాబొచ్చింది. లింగమూర్తి గారు కవరుని రెండు చేతులా పట్టుకుని సిబ్బందందరిముందూ చదివారు.

"విషయము: రేవులంక పురపాలక సంఘము, నీటి విభాగము, ల్యాప్‌టాప్, డి డ్రైవు అడిగిన ప్రశ్న, జవాబు, గురించి. సదరు ప్రశ్నను అన్ని కోణముల నుండి కూలంకషముగా పరిశీలించిన మీదట, సదరు డ్రైవును ఫార్మాట్ చేయుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది. అయితే, ఫార్మాట్ చేయు సందర్భములో అందలి సమాచారమునకు ఎట్టి నష్టమూ వాటిల్లరాదు. వాటిల్లినచో సంబంధిత సిబ్బంది వ్యక్తిగతముగా బాధ్యులగుదురు."

సిబ్బంది చప్పట్లు కొట్టారు. గవర్రాజు మాత్రం లేచి నిలబడ్డాడు.

"సార్, ఫార్మాటంటేనే తుడిచెయ్యడమండి. తుడిచేస్తే ఫొటోలు పోతాయండి. ఫొటోలు పోతే ఆ వాల్వు ఇంక ఎప్పటికీ దొరకదండి."

"పోరాదని ఇందులోనే స్పష్టంగా ఉన్నది కదా" అన్నారు లింగమూర్తి గారు కాగితం చూపిస్తూ.

"కాగితంలో ఉందండి. మిషనుకి తెలియదు కదండీ!"

"అందుకే ఒక నకలు మిషను పక్కన అంటించమన్నాను."

ఇలాంటి జవాబు రాష్ట్రంలోనే మొదటిదట. అందుకని కమిషనర్ గారే స్వయంగా మీట నొక్కాలని నిర్ణయించారు. శుక్రవారం పొద్దున పదకొండుకి ముహూర్తం పెట్టారు. ల్యాప్‌టాప్‌కి బంతిపూల దండ వేశారు, తెరకి అడ్డం రాకుండా. ఎలుకకి బొట్టు పెట్టారు. మైకు, లైట్లు, ఫొటోగ్రాఫరు అన్నీ వచ్చాయి. ఊళ్ళో పొద్దుట్నించీ కరెంటు లేదు, అంతా జనరేటరు మీదే నడుస్తోంది. గవర్రాజుని పక్కనే నిలబెట్టారు, సమాచారానికి నష్టం వాటిల్లితే బాధ్యుడు ఆయనే కాబట్టి ఫొటోలో ఉండాలన్నారు.

కమిషనర్ గారు మంచిమనిషే. చెప్పింది మనసారా నమ్మే రకం. మైకు తీసుకుని, "యంత్రం అడిగినా జవాబు చెప్పే తొలి మునిసిపాలిటీ మనది" అన్నారు. తర్వాత ఎలుక మీద చెయ్యివేశారు. బాణం గుర్తు ఫార్మాట్ మీట వైపు బయల్దేరింది. గవర్రాజు కళ్ళముందు పక్క వీధి కొళాయి దగ్గర వంతులో నిలబడ్డ భార్య కనబడింది. "సార్, ఒక్క నిమిషం" అనబోయాడు.

సరిగ్గా అప్పుడు వరండాలో డబడబ ఆగిపోయింది.

లైట్లు ఆరాయి. ఫ్యాన్లు ఆగాయి. మైకు కీచుమని మూగబోయింది. తెర నల్లబడింది. అందరూ వరండాలోకి పరిగెత్తారు. జనరేటరు ఉండాల్సిన చోట నూనె మరక ఉంది. గేటు అవతల రోడ్డుమీద మంగాయమ్మ, కంసాలి వీధి ఆడవాళ్ళు కొంగులు బిగించి బండిని ట్యాంకు వైపు తోసుకుపోతున్నారు. వెనకాల చిట్టియ్య గొడుగు పట్టుకుని నడుస్తున్నాడు, జనరేటరు ఎక్కడుంటే అతని డ్యూటీ అక్కడ.

"ఇది ప్రశ్నను హత్యచేయడం!" అన్నారు లింగమూర్తి గారు. అంతలోనే ఆ మాట తనమీదికే వస్తుందని తట్టి మొహం పాలిపోయింది. నోడల్ ఆఫీసరు తనే. ప్రశ్న మూతపడింది, జవాబు ఇంకా నొక్కలేదు. బిల్లు కలెక్టరు ఏమయ్యాడో ఆయనకి తెలుసు.

గవర్రాజు ఆయన పక్కకి జరిగి మెల్లిగా అన్నాడు. "సార్, మనమెవరమూ దాన్ని ఆపలేదు కదండీ. దానంతటదే ఆరిపోయింది."

"అయితే?"

"అడిగినవాళ్ళు తమంతట తాము విరమించుకున్నట్టండి."

లింగమూర్తి గారు రసీదు పుస్తకం తెరిచి, నాలుగువందల పన్నెండు ఎదురుగా 'ఉపసంహరించుకొనినారు' అని రాసి, చెమట తుడుచుకున్నారు. కమిషనర్ గారికి కూడా అదే మాట విన్నవించారు. ఆయన కాస్త నొచ్చుకున్నారు గానీ, అడిగినవారి ఇష్టాన్ని గౌరవించాలన్నారు.

మధ్యాహ్నం కరెంటొచ్చాక గవర్రాజు దండ తీసి పక్కనపెట్టి ల్యాప్‌టాప్ తెరిచాడు. డి జోలికి పోలేదు. అది ఏమీ అడగలేదు. వీడియోలో గడ్డం మనిషి చెప్పినట్టు పక్కనుంచి వెళ్ళాడు. ఇంకో తోడల్లుడి కొడుకు దగ్గర్నించి తెచ్చిన బయటి డిస్కులోకి ఫైళ్ళు ఒక్కొక్కటీ దిగుతుంటే, పిల్లల్ని బస్సు దిగేటప్పుడు లెక్కపెట్టుకునే మాస్టారులా పెదాలు కదుపుతూ కూర్చున్నాడు. ప్రారంభోత్సవం ఫొటోలు కొన్ని తలకాయలు లేకుండా వచ్చాయి. వాల్వుల ఫొటోలు మాత్రం అన్నీ వచ్చాయి. చివర్నించి నకలు తెచ్చి మొదట్లో అంటించాడు. డి మీద నొక్కాడు, కళ్ళు మూసుకుని. తెరుచుకుంది.

కంసాలి వీధి ఫొటోని ఫోన్లోకి ఎక్కించుకోవాలంటే ఖాళీ లేదంది. ఈసారి నలభై గులాబీలు చెరిపేశాడు.

ఎండ వాలుతుండగా ఫోన్ ముందుకి చాపుకుని వీధి మొగలోకి వచ్చాడు. వెనకాల మంగాయమ్మ, ఆడవాళ్ళు. వాళ్ళ వెనకాల, ఏం జరుగుతుందో నివేదిక రాయాలని లింగమూర్తి గారు. ఫొటోలో వాల్వు మూతకి ఒకపక్క టెలిఫోన్ స్తంభం, ఇంకోపక్క కంసాలాయన అరుగు ఉన్నాయి. గవర్రాజు స్తంభం దగ్గర నిలబడ్డాడు, అరుగుకేసి చూశాడు, ఫోన్లో చూశాడు, అడుగులేశాడు. ఆగాడు. మళ్ళీ వెనక్కెళ్ళి మొదట్నించి అడుగులేశాడు. మళ్ళీ అక్కడే ఆగాడు.

ఫొటోలో వాల్వు ఉన్నచోట ఇప్పుడు నల్లరాతి శిలాఫలకం ఉంది. 'జవాబు మా బాధ్యత' అన్న అక్షరాల కింద.

లింగమూర్తి గారు దగ్గి గొంతు సవరించుకున్నారు. "కమిషనర్ గారి పేరున్న ఫలకం. దీన్ని కదిలించవచ్చునా, లేదా అన్నది విధానపరమైన ప్రశ్న. ఎవరైనా అడిగినట్లయితే, నేను వెంటనే పైకి పంపగలను." చంకలోంచి రసీదు పుస్తకం తీశారు.

మంగాయమ్మ కొట్టులోకెళ్ళి గునపం పట్టుకొచ్చింది. ఫలకం ముందు నిలబడి, గునపం ఎత్తి, గవర్రాజు వైపు తిరిగింది. "మరిదిగారూ, దీన్ని పగల..."

"వదినా!" అని అరిచాడు గవర్రాజు. "అడక్కు!"

మంగాయమ్మ నోరు మూసుకుంది. ఆయన్ని చూసింది. పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్న లింగమూర్తి గార్ని చూసింది. ఆవిడకి అప్పుడు అర్థమైంది.

"ఏమిటమ్మా, ఏదో అడగబోయారు?" అన్నారు లింగమూర్తి గారు ఆశగా.

"నేనేం అడగలేదండి" అంది మంగాయమ్మ.

గునపం దిగింది. నల్లరాయి చూడ్డానికి గట్టిగా కనబడింది గానీ లోపలంతా ఇసకే. రెండో దెబ్బకి పాలకవర్గం రాలిపోయింది. గవర్రాజు చొక్కా చేతులు మడిచి పలుగు అందుకున్నాడు. దిమ్మె కింద సిమెంటు, సిమెంటు కింద ఇనుప మూత, మూత కింద వాల్వు. చిట్టియ్య వచ్చి వాల్వు తిప్పాడు. గొట్టంలో గరగరమంది, దగ్గింది, ఎర్రనీళ్ళు వచ్చాయి, తర్వాత తెల్లగా నురగ వచ్చింది, ఇంకాసేపటికి వీధిలో కొళాయిలన్నీ ధారకట్టాయి. గవర్రాజు భార్య గుమ్మంలోంచి బిందెతో పరిగెత్తుకొచ్చింది.

ఇంతసేపూ లింగమూర్తి గారు పుస్తకం తెరిచిపట్టుకునే నిలబడ్డారు. ఎవరూ ఏమీ అడగలేదు. రాయడానికేమీ లేదు. ఎండకి నోరు పిడచకట్టుకుపోయింది. నీళ్ళు తేటపడి మంగాయమ్మ బిందె నిండేదాకా చూసి, పుస్తకం మూసి, చెప్పులు తడవకుండా పక్కకొచ్చి నిలబడ్డారు.

"అమ్మా, కాసిని మంచినీళ్ళిస్తారా?"

మంగాయమ్మ గ్లాసు ముంచి, ఎత్తి, ఆగింది.

"అది ప్రశ్న కదండీ" అంది. "నంబరెంత?"